ప్రవళిక ప్రోగ్రామ్ ఆగలేదు

"నా ప్రోగ్రామ్ ఎవడు ఆపిండు?"

ల్యాబ్ తలుపు తోసుకుని వచ్చిన అమ్మాయిని చూసి ఆరోన్ చేతిలో టీ తొణికింది. ఆపింది తనే. క్యాన్సర్ కణితుల డేటాను కంప్యూటర్‌తో చదివే ఆ ల్యాబ్‌లో అందరికీ కలిపి ఒకటే సర్వర్. ఎవరో మరిచిపోయి వదిలేసిన ప్రోగ్రామ్ అనుకుని, దాన్ని ఆపి తనది పెట్టుకున్నాడు.

"సారీ అండి, నేనే. మీదని తెలియదు."

"తెల్వకపోతే అడగాలె. నోరు లేదా?"

నోరుంది. అవసరమైనప్పుడే పెగలదు. ఆ జబ్బు ఆరోన్‌కు చిన్నప్పటి నుంచీ ఉంది.

అలా పరిచయమైంది ప్రవళిక. జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చి, హైదరాబాద్ విద్యానగర్ హాస్టల్లో ఉంటూ యూనివర్సిటీలో పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన, చేస్తోంది. తార్నాకలో పెరిగిన ఆరోన్‌దీ అదే పని. ఆ రోజు నుంచి సర్వర్‌లో ఏది ముట్టుకోవాలన్నా ముందు ఆమెను అడిగేవాడు.

"చాయ్ తాగనీకి కూడ నా పర్మిషన్ కావాల్నా?" అని ఏడిపించేది ప్రవళిక.

వానొస్తే ఇద్దరూ తార్నాక మెట్రో స్టేషన్ కింద నిలబడేవారు. వాన తగ్గినా కదిలేవారు కాదు.

"ఆ అమ్మాయికి నీ మనసులో మాట చెప్పావా?" అని అడిగింది ఆరోన్ తల్లి సుగుణమ్మ.

"నా ఫెలోషిప్ పొడిగిస్తారో లేదో తేలనీ అమ్మా. రేపు నా సంగతే తెలియకుండా ఏమని అడగను?"

"అది తేలేదాకా ఆ పిల్ల ఇక్కడే ఉండొద్దూ?"

డేటా అంతా చేతికి రాకుండా ఫలితం చెప్పకూడదని వాళ్ల వృత్తిలో మొదటి పాఠం. ప్రేమ దగ్గర ఆ పాఠం పనికిరాదని పాపం ఆరోన్‌కు ఎవరూ చెప్పలేదు.

ముందు ప్రవళిక సంగతే తేలింది. ఆమె ఫెలోషిప్ అయిపోయింది, కొత్తది రాలేదు. చూపించడానికి ఫలితం కావాలన్నారు. ఏ కణితి మందుకు లొంగదో ముందే చెప్పొచ్చని నమ్మి ఆమె రాసిన ప్రోగ్రామ్ ఇంకా నడుస్తూనే ఉంది.

"వైజాగ్‌ల ఒక హాస్పిటల్ల జాబ్ ఇస్తమన్నరు. పేషెంట్ల రిపోర్టులు కంప్యూటర్‌ల ఎక్కించుడు," అంది మెట్రో స్టేషన్ కింద. "పొమ్మంటవా?"

ఆమె కళ్లు అతని మొహం మీదే ఉన్నాయి.

"మంచిదే కదా. వెళ్లు," అన్నాడు ఆరోన్.

ఆ రోజు వాన తగ్గకముందే ప్రవళిక వెళ్లిపోయింది.

ఫెలోషిప్ ముగిస్తే లాగిన్ కూడా మూసేస్తారు. నడుస్తున్న ప్రోగ్రామ్ ఆగిపోతుంది. ల్యాబ్ పెద్ద సూర్యనారాయణగారిని బతిమాలి, ఆరోన్ దాన్ని ఆగిన చోటి నుంచి తన లాగిన్‌లో నడిపించాడు. తన పని పక్కన పెట్టేశాడు. ఆ మాట కూడా ఆమెకు చెప్పలేదు.

ఆమె వైజాగ్ రైలెక్కిన మధ్యాహ్నమే ప్రోగ్రామ్ పూర్తయింది. మందుకు లొంగని కణితులను అది ముందుగానే గుర్తుపట్టింది. ఆరోన్ వెంటనే ఫోన్ చేశాడు.

"ఎక్కడున్నావు?"

"ఇప్పుడే మౌలాలి స్టేషన్ దాటుతున్న. ఏంది?"

"నీ ప్రోగ్రామ్ అయిపోయింది. నువ్వు అనుకున్నదే నిజం."



"అది ఆగిపోయిందనుకున్న," అంది ప్రవళిక.

"ఈసారి ఆపలేదు. నిన్ను ఆపాల్సింది, ఆపలేకపోయాను. నువ్వంటే నాకు ప్రాణం ప్రవళికా."

"గా మాట స్టేషన్ కింద అననీకి ఏమైంది?"

"నా ఫెలోషిప్ రిజల్ట్ వచ్చాక చెబుదామని..."

"వచ్చిందా?"

"ఇంకా లేదు."

ప్రవళిక నవ్వబోయి ఏడ్చేసింది. "నేను నీ రిజల్ట్ అడిగిన్నా ఆరోన్? నిన్ను గద అడిగిన."

దిగిపో అనాలనుంది అతనికి. ఉన్న ఒక్క ఉద్యోగం వదులుకోమని ఏ మొహంతో అంటాడు?

"పోయినంక ఫోన్ చేస్త," అని పెట్టేసింది.

ఆరోన్ ఆ ఫలితానికి ప్రవళిక పేరు పెట్టి భద్రపరిచాడు. ఆమె కుర్చీలో కూర్చున్నాడు. సర్వర్ ఖాళీగా ఉంది. తన ప్రోగ్రామ్ పెట్టుకోవచ్చు. ఇక ఎవరినీ అడగక్కర్లేదు.