పోటు తెచ్చిన ఎముక

దీపాలు పెట్టే వేళ... సముద్రం పక్కనున్న నార్ఫోక్ పల్లపు పొలాల మీద పొగమంచు లేచింది. ఏటికట్ట మీది గుడ్లగూబ ఒక్కసారి కూసి ఎగిరిపోయింది. రూబెన్ ఫియరీ కట్ట దిగి మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడ్డాడు. అతని దోసిట్లో కప్ప ఎముకలున్నాయి. చీమలు తిని మిగిల్చినవి.

వాటిని ఏటిలో వదిలాడు. మంత్రం చెప్పాడు. అది చర్చిలో చెప్పే ప్రార్థనే, చివరి నుంచి మొదటికి! ఒక ఎముక తిరిగింది. ఏటికి ఎదురు నడిచింది. అరిచింది... ఈనలేని గొర్రె అరిచినట్టు! రూబెన్ దాన్ని పిడికిట్లో పట్టుకుని కట్టెక్కాడు. వెనక్కి చూడకూడదన్నది ఆ విద్య నియమం. చూసి ఉంటే, మిగతా ఎముకలన్నీ ఎదురే పోతున్నాయని తెలిసేది.

ఆ ఎముక ఉన్నవాడికి గుర్రం లొంగుతుంది. ఆడది లొంగుతుంది. రూబెన్‌కు కావలసినవి ఆ రెండే. ఆ రెండూ ఐజాక్ గోటొబెడ్‌కు ఉన్నాయి. కమతంలో గుర్రాలు తోలేవాళ్ళకు ఐజాక్ పెద్ద. పొద్దున్నే అతని జత గేటు దాటాకే మిగతా జతలు కదలాలి. రెండో జత రూబెన్‌ది. కెజయాను పెళ్ళి చేసుకుంటానని ముందు అడిగింది రూబెన్. ఆమె చేసుకున్నది ఐజాక్‌ను.

"ఏరా రూబెన్, ఐజాక్ కోటు వెనక కుట్లు లెక్కపెట్టడం అయిందా?" అనేవాళ్ళు తోటివాళ్ళు.

"ఎగువోడు కదా, లెక్క కాస్త నిదానం!" అనేవాడు ఇంకొకడు.

రూబెన్ ఎగువ మెట్ట నుంచి వచ్చినవాడు. అక్కడ వాగులు ఒకవైపే పారతాయి.

మర్నాడు గేటు దగ్గర ఐజాక్ గుర్రాలు ఆగిపోయాయి. చెవులు వెనక్కి వాల్చి, వణికి, అడుగు వేయలేదు. రూబెన్ ఒక చేయి జేబులో పెట్టుకుని తన జతను ముందుకు తోలాడు. ఎవరూ నవ్వలేదు.

"పోనీండిరా, ఒక్కపూట ముందు నడవనీ," అన్నాడు ఐజాక్.

ఆ మాట రూబెన్‌ను కాల్చింది. జేబులో పిడికిలి బిగించాడు.

మధ్యాహ్నం కెజయా చాళ్ళ వెంట వచ్చింది. రొట్టె, ఉల్లిపాయ, టీ సీసా తెచ్చింది. ఐజాక్ చేయి చాచాడు. ఆమె అతన్ని దాటి రూబెన్ ముందుకెళ్ళి నిలబడింది. రెప్ప వేయడం లేదు. నోటి మూల నుంచి నీరు కారుతోంది... గడ్డం మీద ఉప్పు పేరుకుంది!

"కెజయా!" అని పిలిచాడు ఐజాక్.

"పిలవరా! గొంతు చిరిగేదాకా పిలువు! నీ గుర్రాలు విన్నాయా, నీ పెళ్ళాం వినడానికి?"

రూబెన్ ఆమె చేతిలోని రొట్టె తీసుకుని కొరికాడు. అప్పుడే ఆమె కాళ్ళు కట్టవైపు కదిలాయి.

"ఆగు," అన్నాడు రూబెన్. ఆమె ఆగలేదు. అతని గుర్రాలు నాగలి ఈడ్చుకుంటూ అటే తిరిగాయి. తర్వాత అతని కాళ్ళు కూడా...

ఐజాక్ పరుగెత్తి భార్య నడుము పట్టుకున్నాడు. ఆమె అతన్నీ ఈడ్చుకుంటూ కట్టెక్కింది. అక్కడి నుంచి ఏరు కనిపించింది. ఆటు మొదలైంది. నీళ్ళు సముద్రంవైపు లాగుతున్నాయి.

"కప్ప ఎముక ఏ వేళప్పుడు తీశావురా?" రూబెన్ పిడికిలి చూసి, గుర్రాలవాళ్ళందరూ విన్న ఆ విద్యను పోల్చుకుని అరిచాడు ఐజాక్.

"దీపాలవేళ! ఏటికి ఎదురెళ్ళింది, నా కళ్ళతో చూశా!"

"అది పోటువేళ రా, పిచ్చి సన్నాసీ! పోటుకు ఇక్కడ ఏరే వెనక్కి పోతుంది. నీకు ఎముక ఇచ్చింది దెయ్యం కాదు, సముద్రం. ఈ నేల దానిది. మా తాతలు కట్టలేసి గుంజుకున్నారు. అదిచ్చింది అదే తీసుకుపోతుంది, లొంగినవాళ్ళతో సహా. వదులు!"

రూబెన్ పిడికిలి సడలింది. కెజయా కాళ్ళు ఆగాయి. అతను ఆమెను చూశాడు. ఆమె నడుము చుట్టూ ఉన్న ఐజాక్ చేతుల్ని చూశాడు.

"వదిలితే రేపు మళ్ళీ నీ వెనకే నడవాలి!"

పిడికిలి బిగిసింది. ఎముక అరిచింది. ఆ చేయే అతన్ని కట్ట మీద నుంచి నీళ్ళలోకి లాగింది.

"వదిలేస్తా! ఐజాక్... వేళ్ళు రావడం లేదురా!"

తల మునిగింది. పిడికిలి మాత్రం నీటిపైన తూము దాకా పోయింది. ఆ తర్వాత అదీ లేదు.

గుర్రాలు కట్ట అంచున నిలిచిపోయాయి. కెజయా కూలబడి ఉప్పునీళ్ళు కక్కింది. ఐజాక్ కోటు విప్పి ఆమెకు కప్పాడు. ఆమె రెప్ప వేసింది. చుట్టూ చూసింది.

"రూబెన్ ఏడీ?" అంది.

ఎముక పోయాక కూడా ఆ పేరే! బొత్తాం పెడుతున్న ఐజాక్ చేయి ఆగిపోయింది. అతను లేచి, ఆమె కోసం ఆగకుండా, ఇంటివైపు నడిచాడు.