రెండు మిల్లీలీటర్ల తేడా

"దించు బాబూ! ఆ సిలిండరు దించు! ఎముకలు పటపటా విరిగిపోతాయి!"

ల్యాబు వరండాలో నేను పెట్టిన కేకకి ఆ అబ్బాయి కొయ్యబారిపోయాడు. ఆర్గాన్ గ్యాసు సిలిండరును తోపుడుబండి మీదికి వంచబోతున్నవాడల్లా అలాగే నిలబడ్డాడు. కళ్లజోడు ముక్కు చివరికి జారింది.

"ఎవరి ఎముకలండీ?"

"నీవే నాయనా!"

నా వెనక మా అమ్మాయి చేతిలోని ట్రే ఠంగుమని కింద పడింది. "అమ్మా!" అంది. ఆ గొంతు విన్నాకగానీ నేను నోరు జారానని నాకు తెలియలేదు.

మా అమ్మాయి ఎముకల జబ్బుల మీద పరిశోధన జరిగే చోట పనిచేస్తుంది. ఈ అబ్బాయి అక్కడి మాస్ స్పెక్ట్రోమీటరును చూసుకునే ఇంజనీరు. కాల్షియంలో బరువైనదీ తేలికైనదీ ఉంటాయట. ఆ మెషీను వాటిని విడివిడిగా లెక్కపెడుతుందట. ఎముక కరిగిపోతుంటే మూత్రంలో తేలిక రకం వాటా పెరుగుతుందట. నేను చదివింది ఏడో తరగతి. ఇదంతా అర్థమైందని చెప్పను. కానీ నిన్న మా అమ్మాయి కంచం ముందు కూర్చుని, "పోల్చడానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ల శాంపిల్ కావాలంటే మా ఇంజనీరు, ఆయనే ఇచ్చాడమ్మా. అంకె చూస్తే ఎనభై ఏళ్ల ముసలాయన ఎముకల్లా ఉంది" అని వలవలా ఏడ్చింది. అది మాత్రం అర్థమైంది. "ఆయన" అన్న తీరు ఇంకా బాగా అర్థమైంది.

ఇవాళ అది మరిచిపోయిన కారియరు ఇచ్చి పోదామని వస్తే, ఎదురుగా ఫొటోలో చూసిన ఈ అబ్బాయి, చేతుల్లో ఈ సిలిండరు.

మా అమ్మాయికి అంకె సంగతి చెప్పక తప్పలేదు. అబ్బాయి మెట్ల మీద కూలబడ్డాడు. "మెషీన్ తప్పయ్యుండొచ్చుగా?"

"నా మెషీన్ అబద్ధమాడదని మీరే రోజూ అంటారుగా!" అంది మా అమ్మాయి, కళ్లు తుడుచుకుంటూ.

"అది వేరేవాళ్ల శాంపిల్స్ గురించి అన్నాను."

ఈ గోలకి ఆ ల్యాబుకి పెద్ద, మేడమ్ బయటికొచ్చారు. సంగతంతా విని, "నోట్‌బుక్ తీసుకురా" అన్నారు. పేజీలు తిప్పుతూ ఒకచోట వేలు ఆపారు.

"శాంపిల్‌ని కాల్షియాన్ని వేరుచేసే రెసిన్ గొట్టంలోంచి దింపేటప్పుడు కాల్షియం మొత్తం పట్టాలి. కొంత గొట్టంలో ఉండిపోతే రేషియో తప్పుతుంది. ఎన్ని మిల్లీలీటర్లు పట్టాలి?"

"పది, మేడమ్."

"ఎనిమిదని నీ చేత్తోనే రాశావు."

మా అమ్మాయి నోట్‌బుక్ మీదికి వంగి చూసింది. ఈ పనిలో ఒక్క చుక్క ఒలకబోసిన పిల్ల కాదది.

"మధ్యలో ఎక్కడికెళ్లావు?"

"కిందికి, మేడమ్."

"ఎందుకు?"

"వాన పడుతోంది."

"వాన పడితే?"

"కిటికీలోంచి చూస్తే… ఆయన గేటు దగ్గర తడుస్తున్నారు. కాల్షియమంతా దిగిపోయుంటుందిలే అనుకుని, మూత పెట్టేసి, గొడుగు తీసుకెళ్లాను."

అబ్బాయి ఒక్క ఉదుటున లేచాడు.

"ఆ గొడుగు వాచ్‌మన్ పంపాడన్నారు?"

"అబద్ధం చెప్పాను."

"నేనెళ్లి అతనికి రెండుసార్లు థాంక్స్ చెప్పానండీ! నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు!"

మేడమ్ నోట్‌బుక్ మూసేశారు. "మిగిలిన శాంపిల్‌తో మళ్లీ చెయ్యి. ఈసారి కిటికీ తెర వేసుకో."

మర్నాడు మధ్యాహ్నం మళ్లీ వెళ్లాను. ఇంట్లో కాలు నిలవలేదు. తప్పు దొరికినా జబ్బు లేదని రుజువేమిటి? మెషీను గది బయట బల్ల మీద ఆ అబ్బాయి మోకాళ్లు తడుముకుంటూ కూర్చున్నాడు. నేనూ పక్కన చేరాను. లోపల మెషీను ఒకటే హోరు.

"ఆంటీ, అంకె బాగుంటే మిమ్మల్ని ఒకటి అడుగుతాను" అన్నాడు.

"బాగోకపోతే?"

"అడగను. ఆమెకెందుకండీ ఆ కష్టం?"

రేపెప్పుడో వీడు మంచాన పడితే? నా కూతురు జీవితాంతం మందులు అందిస్తూ కూర్చుంటే? అన్నీ కళ్ల ముందు గిర్రున తిరిగాయి. అయినా నోటిలోంచి వచ్చిన మాటకి నేనే నివ్వెరపోయాను.

"ఇప్పుడే అడుగు."

"ఆంటీ?"

"వానలో పరిగెత్తిన పిల్ల అంకె చూసి ఆగుతుందా? అది బయటికొచ్చేలోపే అడుగు."

అడిగాడు. మా అమ్మాయిని తనకిస్తారా అని. తల ఊపాను.

అప్పుడే తలుపు తోసుకుని మా అమ్మాయి పరుగున వచ్చింది, చేతిలో కాగితం రెపరెపలాడుతుండగా. "మీకేం లేదు! మీ ఎముకలు నిక్షేపంలా ఉన్నాయి!"

అబ్బాయి కదల్లేదు.

"అదేంటి, అలా ఉన్నారు? సంతోషంగా లేదా?"

"ఉంది. కాళ్లే లేవట్లేదు. మీ అమ్మగారు ఒప్పుకున్నారు."

"దేనికి?"

నేను పక్కకి జరిగి బల్ల మీద దానికి చోటిచ్చాను.