పిచ్చుక లేని ఇల్లు

స్కూలు నుంచి వచ్చి తాళం తీయబోతే తలుపు తోయగానే తెరుచుకుంది. అత్తయ్య ఇంట్లో లేదు! బాల్కనీలో లేదు, బాత్రూంలో లేదు. కింద వాచ్‌మన్‌ని అడిగితే మధ్యాహ్నమే గొడుగేసుకుని వెళ్ళిందన్నాడు. లెక్కల టీచరమ్మ చేతిలో స్కూలు సంచీతోనే ఆటో ఎక్కింది.

అత్తయ్య ఎక్కడికి వెళ్ళి ఉంటుందో మనసుకు తెలుసు... ఇల్లు మారాక ఆమె మళ్ళీ అడుగుపెట్టని పాత వీధికి. అక్కడి అద్దె ఇంట్లోనే ఏడేళ్ళ కూతురు, అందరూ పిచ్చుకా అని పిలుచుకున్న పిల్ల, జ్వరంతో కన్నుమూసింది. ఆ తర్వాత పట్టుబట్టి ఈ ఫ్లాటు కొనిపించింది టీచరమ్మే. ఫోటోలు అటకెక్కించింది. ఇంట్లో పిల్ల పేరు ఎత్తొద్దని అందరి నోళ్ళూ కట్టేసింది. "సొంతిల్లు, ఇద్దరి జీతాలు, నీకేం లోటు తల్లీ" అని తోటి టీచర్లంటే నవ్వి ఊరుకునేది. కానీ కొత్త వంటింట్లోనూ వెనక నుంచి ఎవరో కొంగు లాగినట్టే ఉండేది... తిరిగి చూస్తే ఎవరూ ఉండేవారు కాదు. భర్త మాత్రం కళ్ళజోళ్ళ షాపు నుంచి ఆలస్యంగా వచ్చి, టీవీ చూస్తూ నాలుగు మెతుకులు తిని పడుకునేవాడు. ఎంత తేలిగ్గా మరిచిపోయాడో అని లోలోపలే అతని మీద కత్తులు నూరేది.

ఆటో దిగేసరికి అత్తయ్య ఆ పాత ఇంటి మెట్ల మీదే కూర్చుని ఉంది. ఇప్పుడు అక్కడ అద్దెకుంటున్న ఇల్లాలికి, పిచ్చుక అన్నం తినడానికి ఎన్ని వంకలు పెట్టేదో, ఎవరొచ్చినా ఎలా వసపిట్టలా వాగేదో చెబుతోంది. కోడలికి కోపం ముంచుకొచ్చింది.

"మరిచిపోవాలనే కదత్తయ్యా ఇల్లు మారాం?"

"మరిచిపోయావా?"

కోడలి చెయ్యి తనకు తెలియకుండానే వెనక కొంగు మీదికి పోయింది.

"అక్కడ దాని పేరెత్తే దిక్కు లేదమ్మా. అందుకే ఇక్కడికొచ్చా" అంది పెద్దావిడ.

మంచినీళ్ళు అందిస్తూ ఆ ఇల్లాలు నెమ్మదిగా అంది. "మీవారూ వస్తుంటారండీ. సాయంత్రాలు గేటు దగ్గర నిలబడి వెళ్ళిపోతారు. లోపలికి పిలిచినా రారు."

అంటే ఆ ఆలస్యాలన్నీ... ఆమె వెళ్ళి అత్తయ్య పక్కన మెట్టు మీద కూర్చుంది. ముగ్గురూ ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే బరువును ఎవరికి వారే దాచుకుని మోశారన్నమాట!

ఆ రోజు అతను ఇంటికొచ్చి బూట్లు విప్పుకుంటుంటే పక్కన కూర్చుంది. "ఏవండీ... ఈసారి అక్కడికెళ్ళేటప్పుడు నన్నూ తీసుకెళ్ళండి."

అతను ఒక బూటు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "నువ్వు తట్టుకోలేవేమోనని..." అన్నాడు. మిగతా మాట ఏడుపులో కలిసిపోయింది.

అత్తయ్య కూడా వచ్చి కూర్చున్నాక కళ్ళు తుడుచుకుని, ఒకసారి పిచ్చుక షాపులోంచి కళ్ళజోడు ఎత్తుకొచ్చి నానమ్మకు పెట్టి, "ఇప్పుడైనా నేను అందంగా కనిపిస్తున్నానా?" అని అడిగిన సంగతి చెప్పాడు. "అందం సరే, అన్నం తిన్నాకే చెబుతా అనలేదూ నేను?" అంది అత్తయ్య. ముగ్గురికీ ఒక్కసారే నవ్వొచ్చింది. ఆ ఇంట్లో ఆ చప్పుడు విని కోడలికే భయమేసింది... తప్పు చేస్తున్నట్టు అనిపించింది. కన్నీళ్ళు కారుతూనే ఉన్నాయి. అయినా నవ్వు ఆపుకోలేదు.