ఎడమ దీపం

వాళ్ళిద్దరి పరిచయం తిట్లతో మొదలైంది. ల్యాబులో చేరిన మొదటిరోజే అతగాడు, లోపల ప్రయోగం నడుస్తోందని తెలియక, చీకటిగది తలుపు బార్లా తీశాడు. కాంతికణాలను ఒక్కొక్కటిగా పట్టుకునే గది అది. బయటి వెలుతురు పడేసరికి పొద్దుటినుంచీ ఆమె పడ్డ కష్టమంతా గంగపాలైంది. తలుపు తట్టాలన్న ఇంగితం లేదా అని ఆమె నిలబెట్టి కడిగేసింది. తలుపు వేయాలో, తనే బయటికి పోవాలో తేల్చుకోలేక అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు.

ఆ తేల్చుకోలేకపోవడమే అతని జబ్బు. అందుకే ల్యాబంతా అతనికి 'అనుమానం' అని పేరు పెట్టింది. రోజంతా అద్దాలు సర్దుతూ, పైగా కళ్ళజోడు కూడా పెట్టుకునే ఆమె అప్పటికే 'అద్దాలమ్మాయి'. పరికరాలన్నీ ఆమెవి, లెక్కలు కట్టడం అతనిది. తిట్లు కాస్తా వేళాకోళాలయ్యాయి. ఆమె నవ్వితే చాలు, అతను కట్టిన లెక్క మళ్ళీ మొదటికొచ్చేది. ప్రేమించాడు. చెప్పలేకపోయాడు, దాచుకోనూ లేకపోయాడు.

ఇంట్లో అతని అక్క ఇట్టే పసిగట్టింది. "ఒరేయ్, ఆ పిల్లని నువ్వడుగుతావా, నన్నడగమంటావా?" అంది. ఆమె కాదంటే రోజూ అదే గదిలో అదే మొహం ఎలా చూడటం? ఆ భయం అతన్ని కూర్చోనివ్వలేదు, నిలబడనివ్వలేదు.

చివరికి ఫిజిక్స్ చదివినవాడు మాత్రమే చేయగల వెర్రిపని ఒకటి చేశాడు. వాళ్ళ బల్లమీద సగం పూత పూసిన అద్దం ఉంది. దానికి తగిలిన కాంతికణం ఎడమకు పోతుందో కుడికి పోతుందో ఎవరూ ముందు చెప్పలేరు. ఎటు పోతే అటు చిన్న దీపం వెలుగుతుంది. నిజానికి రెండూ జరుగుతాయని, విశ్వమే రెండుగా చీలి ఒకదాంట్లో ఎడమ, ఇంకోదాంట్లో కుడి అవుతుందని కొందరంటారు. ఆ మాట అతనికి తెగ నచ్చింది. ఎడమ వెలిగితే అడుగుతాను, కుడి వెలిగితే నోరు మూసుకుంటాను అనుకున్నాడు. ఎలాగూ ఏదో ఒక విశ్వంలో అడిగినట్టే కదా! మీట నొక్కాడు. ఏదీ వెలగలేదు. మళ్ళీ నొక్కాడు. కుడి దీపం వెలిగింది.

నీతో ఒక మాట చెప్పాలి, సాయంత్రం వరండాలోకి రా అని ఆమెను అంతకుముందే పిలిచి ఉన్నాడు. బయట జోరున వాన. ఆమె కొత్తగా దువ్వుకున్న జుట్టుతో, నవ్వు ఆపుకుంటూ వచ్చింది. అతను ఈ వాన ఎప్పుడు తగ్గుతుందో ఏమో అంటూ వాన గురించే మాట్లాడాడు. ఆమె కాసేపు విని, తడుస్తూనే వెళ్ళిపోయింది.

అప్పటినుంచీ అతను ఆ రెండో విశ్వాన్ని పట్టుకునే బతికాడు. అక్కడ తను అడిగాడు, ఆమె ఊఁ అంది, ఒకే గొడుగు కింద చెరో భుజం తడుపుకుంటూ ఇద్దరూ వెళ్తున్నారు. ఆమెకు పెళ్ళి కుదిరిందని విన్నప్పుడు కూడా, పోనీలే, అక్కడివాడైనా సుఖంగా ఉన్నాడని పళ్ళబిగువున నవ్వాడు. అతను ముట్టకుండా వదిలేసిన కంచం మీద అక్క మూత పెట్టింది.

ఉద్యోగం మానేసే రోజు ఆమె పరికరాలను అతనికి అప్పగిస్తూ, ఒక్కోదాని పేచీ చెప్పుకొచ్చింది. ఎడమ దీపాన్ని వెలిగించే డిటెక్టరు కొత్తదని, పాతది చెడిపోతే మూత కింద వైరు పీకేసి ఒక వారం అలాగే ఉంచానని అంది.

"ఏ వారం?" అన్నాడతను.

"నన్ను వరండాలోకి పిలిచి వాన గురించి చెప్పావే, ఆ వారం."

అతను కుర్చీలో కూలబడ్డాడు. ఏమైందని ఆమె నిలదీస్తే మొత్తం కక్కేశాడు. ఆమె మొదట పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే మొహం పాలిపోయింది.

"అంటే ఎడమ దీపం వెలిగే విశ్వమే లేదు," అంది మెల్లగా. "కణం ఎటు పోయినా, ఏదో ఒకటి వెలిగేదాకా నువ్వు నొక్కుతూనే ఉంటావు. వెలిగితే కుడిదే వెలుగుతుంది. ఎక్కడా, ఏ విశ్వంలోనూ నువ్వు నన్ను అడగలేదు."

అతనికి ఉన్న ఒక్క ఆసరా ఊడిపోయింది. సుఖంగా ఉన్నవాడంటూ ఎక్కడా లేడు. మిగిలింది తనొక్కడే.

"నువ్వంటే నాకు ప్రాణం," అన్నాడు. "తిట్టిన రోజునుంచీ. నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తనకూ అంతేనని, ఆ వానరోజు అతని సంగతి అమ్మతో చెప్పి మరీ వచ్చానని అంది. అతను ఆశగా లేవబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"నేను చేసుకోబోయే అతను నీకంటే గొప్పవాడేం కాదు. నీమీద ఉన్నంత ఇష్టం అతనిమీద ఇంకా రాలేదు కూడా. కానీ కాళ్ళు వణుకుతున్నా నా ఎదురుగా నిలబడి అడిగాడు. నేను సరేనన్నాను. ఆ మాట తప్పను."

తాళాలు అతని చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. అతను చాలాసేపటికి అక్కకు ఫోన్ చేశాడు.

"అడిగానక్కా," అన్నాడు.

ఏమందిరా, ఏమంది అని అక్క ఆత్రంగా అడుగుతూనే ఉంది. అతను ఫోన్ చెవికి ఆనించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.