మైలవరం కట్ట మీది ఈటె

ప్రమీలకు అత్తగారితో ఒకటే ఇబ్బంది. ప్రొద్దుటూరులో తక్కిన అత్తలందరూ కూరలో ఉప్పెక్కువైతే కోడలి పుట్టింటిని తలుచుకుని ఊరుకుంటారు. పద్మావతమ్మ అలా కాదు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "పోపేసే వేళకు మీ చెల్లెలు ఫోన్ చేసింటాది. మాటల్లో పడి రెండోసారి ఉప్పేసినావు. మళ్లా సంబంధం తప్పిపోయిందా పాపం?" అంటుంది. అన్నవన్నీ నిజమే అవుతాయి. అలాంటి మనిషితో ఒకే ఇంట్లో ఉంటూ చిన్న అబద్ధమైనా ఆడుకోలేకపోవడం ఏ కోడలికైనా తీరని లోటు.

ఈ తెలివి వంటింట్లోనే ఖర్చవడం ఇష్టం లేక పద్మావతమ్మ బంగారు అంగళ్ల వీధిలో ఒక మేడగది తీసుకుని 'పద్మావతి ప్రైవేటు విచారణలు' అని బోర్డు పెట్టింది. వచ్చేవి ఎక్కువగా పెళ్లి సంబంధాల ఆరాలే. బీఎస్సీ చదివిన ప్రమీల ఆమెకు అసిస్టెంటు. జీతం అడిగితే బాగుండదు, మానేస్తే తోచదు.

2004 ఎన్నికల ముందు, ఒక శనివారం పొద్దున ప్రేమమ్మ ఆ మెట్లెక్కి వచ్చింది. జమ్మలమడుగులో పంతులమ్మ. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా పిల్లోడు మనోహర్‌ను చంపుతారు పద్మావతక్కా. రేపు చర్చి విడిచేలోపల వాణ్ణి తెచ్చి అప్పజెప్పమని ఓబులపతి మనుషులు చెప్పిపోయినారు."

ఓబులపతి ఆ చుట్టుపక్కల ఒక పార్టీకి పెద్ద దిక్కు. జనం పేరు పెట్టి పిలవరు, పెద్దాయన అంటారు. ఆ వారంలోనే ఒక సాయంత్రం మైలవరం రిజర్వాయర్ కట్ట మీద ఆపిన ఆయన సుమోలోకి ఎవరో ఉక్కు ఈటె కొట్టారు. అది ఆయన కూర్చునే సీట్లోనే దిగబడింది. ఆయన అప్పుడు కట్ట దిగువన ఉన్నందువల్ల బతికిపోయాడు. ఆ ఈటె మనోహర్‌ది. కువైట్ నుంచి వస్తూ అతడు చేపల్ని కొట్టే ఈటె తుపాకులు తెచ్చుకున్నాడు.

"మీ వాడు యాడుండాడు?"

ప్రేమమ్మ తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "పులివెందులలో, మా చెల్లెలింట్లో."

పులివెందులలో ఆ ఇంటి వెనక గదిలో మనోహర్ దుప్పటి విప్పి నల్లటి గన్ను చూపించాడు. ప్రాణం మీదికి వచ్చినా దాన్ని పసిబిడ్డను పట్టుకున్నట్టే పట్టుకున్నాడు.

"ఇది కార్బన్ ఫైబర్ పెద్దమ్మా. చేతిలో ఉన్నట్టే ఉండదు. ఈటెను ఎగదన్నే రబ్బరు ఎంత లాగినా ఈ గొట్టం వంగదు. నీళ్లలో చేప తిరిగితే ఇదీ అంతే బిరీన తిరుగుతాది. ఊర్లో అందరికీ ఈ నల్లదే తెలుసు."

"ఇంకోటి?"

"అల్యూమినియంది. తెల్లగుంటాది, బరువు. ఈటెలు రెండింటికీ ఒకటే. అది కట్ట కింద జాలర్ల కొట్టంలో తగిలించి పెట్టినా. మొండిది లే, బండకు తగిలినా సొట్టబడి ఊరుకుంటాది. ఇదైతే సొట్ట పడదు, ఏకంగా పగులుతాది. అందుకే ఏది ఉంచుకోవాల, ఏది అమ్మాల అని కువైట్‌లో మా దోస్తును ఫోన్‌లో అడిగినా."

"ఏమని అడిగినావు? ఉన్నదున్నట్టు చెప్పు."

"మామా, బ్యారెల్ కార్బన్‌ది మేలా, అల్యూమినియందా? పెద్దోడు రోజూ సాయంత్రం కట్ట కాడికి వస్తాండాడు, ఒక్క దెబ్బకు పడిపోవాల అన్నా."

"పెద్దోడెవరప్పా?"

"కొర్రమీను పెద్దమ్మా! ఇంత లావుంది."

ప్రమీల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎన్నికల వేళ జమ్మలమడుగు ఎస్టీడీ బూత్‌లో నిలబడి గట్టిగా అన్నాడట ఆ మాట. పైగా రోజూ సాయంత్రం కట్ట మీద గాలికి తిరిగే అలవాటు ఓబులపతికీ ఉంది.

పద్మావతమ్మ మాత్రం నవ్వలేదు. "దీన్ని ఎట్ల ఎక్కుపెడతావు?"

"పిడి రొమ్ముకు ఆనించుకోని రెండు చేతుల్తో రబ్బరు లాగాల. కొత్తోళ్లకు రొమ్ము కమిలి నల్లబడతాది. నేను లోపల మెత్త కట్టుకుంటా."

మధ్యాహ్నానికి అత్తాకోడళ్లు ఓబులపతి ఇంటికి చేరారు. గేటు దగ్గర రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఎదురొచ్చింది ఆయన బావమరిది మద్దిలేటి. ఈటె కొట్టడం కళ్లారా చూసిన సాక్షి అతడొక్కడే. వాళ్లను ముందుగదిలో కూర్చోబెట్టి, తానూ కుర్చీలో వంగి కూర్చోబోతూ "అబ్బా" అని రొమ్ము పట్టుకున్నాడు.

"ఏమైంది మద్దిలేటీ?"

"గ్యాస్ లే అక్కా." గ్యాస్‌కు నొప్పుల మందు రాసుకున్నవాణ్ణి ప్రమీల మొదటిసారి చూసింది. గదంతా ఆ ఘాటే.

"ఏం చూసినావో చెప్పు."

"బావ కిందికి దిగినాడు. సుమో కాడ నేనొక్కణ్ణే. కంపచెట్ల చాటు నుంచి మనోహర్ లేసి, ఆ నల్లగన్నుతో కొట్టినాడు. ఈటె కిటికీలోంచి పోయి సీట్లో దిగింది. నన్ను చూసి జడుసుకున్నాడు, గన్ను జారి బండ మీద ఖంగుమని పడింది. మళ్లా ఎత్తుకోని పరిగెత్తినాడు. బ్యారెల్ గురించి ఫోన్‌లో మాట్లాడింది కూడా నా చెవులారా విన్నా."

లోపలి నుంచి ఓబులపతి వచ్చాడు. "ఖంగుమన్న శబ్దం నేనూ విన్నా పద్మావతమ్మా, నాతో ఉన్నోళ్లంతా విన్నారు. ఇంక విచారణ ఏంది?"

"శబ్దం నిజమేనప్పా. రేపు మీ వసారాలో అందరినీ కూర్చోబెట్టు. పిల్లోణ్ణి నేనే తీసుకొస్తా. నా మాట అయ్యేదాకా వాని మీద చెయ్యి పడకూడదు."

ఓబులపతి తలూపాడు.

"ఆ గేటు కాడ కుర్చీలు ఎవరికి?" అని ఆమె పోతూ పోతూ అడిగింది.

"గన్‌మెన్‌కు అక్కా!" మద్దిలేటి ఒక్కసారిగా హుషారయ్యాడు. "మొన్న గవర్నమెంటోళ్లు తీసేసినారు. ఇప్పుడు దాడి జరిగింది కదా, మళ్లా ఇస్తారు."

అక్కణ్ణుంచి కట్ట కిందికి పోయి చూస్తే, జాలర్ల కొట్టంలో తెల్లటి గన్ను కొక్కేనికి బుద్ధిగా వేలాడుతోంది. గొట్టం కొస దగ్గర ఒక సొట్ట, దాని మీద తళతళలాడే కొత్త గీత. పద్మావతమ్మ దాన్ని చీరకొంగుతో పట్టుకుని సంచిలో పెట్టుకుంది. తిరుగు బస్సులో సంతృప్తిగా నిద్రపోయింది కూడా. ప్రమీలకు మాత్రం కునుకు పట్టలేదు. రేపు మాట తేడా వస్తే పోయేది ఒక తల్లి బిడ్డ.

ఆదివారం వసారా నిండా మనుషులే. మనోహర్ లోపలికి రాగానే నలుగురు లేచారు. ఓబులపతి చెయ్యెత్తితే కూర్చున్నారు. ప్రేమమ్మ కొడుకు చొక్కా అంచు పట్టుకుని వదల్లేదు.

పద్మావతమ్మ నల్లగన్ను తీసుకుని కడప బండల నేల మీద జారవిడిచింది. టక్‌మని, కట్టె పడినట్టు పడింది. "అయ్యో!" అని కేక పెట్టింది మనోహర్ ఒక్కడే. తర్వాత తెల్లది వదిలింది. వసారా అంతా ఖంగుమంది.

"ఓబులపతీ, నువ్వు విన్నది ఏది?"

"రెండోది," అన్నాడాయన నెమ్మదిగా.

"మా ఊర్లో బంగారాన్నే మోగించి చూస్తాం. వంటింట్లో ఏ గిన్నె పడిందో చూడకుండానే చెప్తాం. ఆ పొద్దు కట్ట మీద పడింది అల్యూమినియం. సొట్ట కూడా ఉంది, చూడండి. అది జాలర్ల కొట్టంలో ఎవరి చేతికైనా అందేట్టు తగిలించి ఉండేది. మరి మద్దిలేటి చూసింది నల్లదాన్ని. వెలుగుండగానే తెల్లది నల్లగా ఎట్ల కనపడింది? మనోహర్ చేతిలో ఊరంతా చూసింది నల్లదే కాబట్టి ఆ పేరు చెప్పినాడు. శబ్దాన్ని మాత్రం దాచలేకపోయినాడు, మీరందరూ విన్నారు గనక."

మద్దిలేటి లేచాడు. "పొరపాటున నల్లదన్నా. కొట్టింది వాడే!"

"అట్లయితే చొక్కా గుండీలు తియ్యప్పా. ఆ గన్నును మెత్త లేకుండా ఎక్కుపెట్టినోని రొమ్ము కమిలింటాది. మనోహర్, నువ్వూ తియ్యి."

మనోహర్ వెంటనే విప్పాడు. రొమ్ము మీద గీత కూడా లేదు. మద్దిలేటి మొదటి గుండీ దగ్గరే ఆగిపోయాడు. ఓబులపతి లేచి వెళ్లి చొక్కా పక్కకు లాగాడు. రొమ్ము నడుమ నేరేడు పండు రంగులో గుండ్రంగా కమిలి ఉంది.

"రేయ్! నన్ను చంపాలనుకున్నావా?"

"లేదు బావా, ఒట్టు! నువ్వు దిగినాకే కదా కొట్టినా. బ్యారెల్ మాట విని నిజంగానే భయపడి ఎస్పీ ఆఫీసులో అర్జీ పెట్టినా. తర్వాత చూస్తే చేపల గన్నంట! దాడి జరగంది గన్‌మెన్‌ను ఇయ్యమన్నారు. గన్‌మెన్ లేకుండా నువ్వు పెండ్లిండ్లకు పోతాంటే నాకు తల కొట్టేసినట్టుంది బావా. వీణ్ణి నువ్వు నాలుగు తిట్టి వదిలేస్తావనుకున్నా."

"నేను వదిలేసే రకమని ఎవరు చెప్పినార్రా నీకు?"

ఆ మాట నోటి నుంచి వచ్చాక అది తనకే తగిలినట్టు ఓబులపతి ఆగిపోయాడు. ప్రేమమ్మ వైపు తిరిగాడు. ఆమె ఇంకా కొడుకు చొక్కా అంచునే పట్టుకుని ఉంది.

"టీచరమ్మా," అని గొణిగాడు, "నాది తప్పే."

పద్మావతమ్మ సంచి సర్దుకుంటూ తలెత్తకుండానే అంది. "వెనకున్నోళ్లకు వినపల్లేదు ఓబులపతీ. అప్పజెప్పమన్నప్పుడు ఊరంతా వినపడింది."

ఓబులపతి మెట్టు దిగి, ప్రేమమ్మ ముందు నిలబడి, మీటింగుల్లో వాడే గొంతుతో చెప్పాడు.

"తప్పు చేసినా టీచరమ్మా! విచారించకుండా నీ బిడ్డ మీదికి మనుషుల్ని పంపినా. తప్పు నాది."