పది నిమిషాల నురగ

"ఏందిది? ఇది కుక్కనుకున్నావా, పడవ ఇంజననుకున్నావా?"

బోగోలు పక్క పశువుల ఆసుపత్రిలో కొత్తగా చేరిన అసిస్టెంటు వనజాక్షి హజరత్తయ్యతో అన్న మొదటి మాట అదే.

రొయ్యల గుంట కంచె గీరుకుని అతని కుక్క కర్రోడికి వెనక తొడ చీలింది. ఇంజన్లోంచి తీసిన పాత ఆయిల్లో పసుపు కలిపి పట్టించాడు. మూడోనాటికి గాయం చుట్టూ బొచ్చు ఊడి, చర్మం ఎర్రగా పొక్కింది.

"మా రేవులో అందరం ఇదే పూస్తాం మేడమ్."

"అయితే నీకు దెబ్బ తగిలినా ఇదే పూసుకో. పేరేంది?"

"కర్రోడు."

"నీ పేరయ్యా!"

"హజరత్తయ్య."

"అబ్బో, మా తాత పేరు!" అని నవ్వింది. ఆ నవ్వుతో కుర్రవాడి పని అయిపోయింది.

రోజు విడిచి రోజు రమ్మంది. గాయం సెలైన్‌తో కడిగి, చుట్టూ చర్మానికి మందు షాంపూ రుద్దేది. నురగ పది నిమిషాలు ఉండాలి. ఇంటిదగ్గర పూటకో మాత్ర వెయ్యాలి, నాక్కోకుండా మెడకు అడుగు కోసిన బకెట్ తగిలించాలి.

ఆ పది నిమిషాలూ ఆమె ఫోన్లో టైం చూసేది. అతను ఆమెను చూసేవాడు.

"ఎన్ని నిమిషాలయింది?"

"రెండే మేడమ్."

"అబద్ధం. తొమ్మిదయింది."

ఒకరోజు వాన దంచి కొట్టింది. నురగ కడిగేసినా ఇద్దరూ, మధ్యలో బకెట్ మెడతో కర్రోడూ, వరండాలో గంటసేపు ఇరుక్కుని నిలబడ్డారు. కుక్క విదిలించుకుంటే ఇద్దరూ తడిసి నవ్వుకున్నారు. అంత సంతోషం అతనికి అంతకుముందెప్పుడూ తెలియదు.

అతను వెళ్ళేముందు ఆమె గాయం చూసి మురిసిపోయింది. "బాగా మానతా ఉండాది. ఇంకో వారం చాలు. ఆ తరవాత రానక్కర్లేదు."

ఆ సాయంత్రమే హజరత్తయ్య కర్రోడి మెడలోంచి బకెట్ తీసేశాడు. మాత్రలు మానేశాడు. మానడం రెండు రోజులు ఆలస్యమైతే ఏమవుతుందిలే అనుకున్నాడు, బుద్ధిలేనివాడు. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు మాత్రం బకెట్ మళ్ళీ తగిలించేవాడు.

కుక్క నాకి నాకి పుండు చేసుకుంది. వారానికి చీము పట్టి వాసన కొట్టింది. వనజాక్షి మందు మార్చింది. సెలవురోజు బస్సెక్కి, చీము నమూనా నెల్లూరు ల్యాబ్‌లో ఇచ్చి వచ్చింది.

"నా చేతిలోనే ఏదో తప్పు ఉండాది," అంది, కళ్ళు తుడుచుకుంటూ. "ఇట్నే ముదిరితే కాలు తీసెయ్యాల."

అతను జేబులోంచి వెయ్యని మాత్రల అట్ట తీసి బల్లమీద పెట్టాడు.

"తప్పు నాది. మానితే నువ్వు కనపడవని... నువ్వంటే నాకు ప్రాణం వనజా."

ఆమె అట్టలో మిగిలిన మాత్రలు లెక్కపెట్టింది.

"నువ్వన్నా నాకిష్టమే హజరత్తయ్యా. మొన్ననే మా అమ్మకు చెప్పినా, ఆ అబ్బాయి కుక్కను బిడ్డలాగా చూసుకుంటాడని. ఇప్పుడేం చెప్పమంటావు? నన్ను చూడ్డానికి నోరులేనిదాన్ని కుళ్ళబెట్టినాడని చెప్పనా?"

"ఇంకెప్పుడూ..."

"రేపట్నుంచి కుక్కతో మీ అమ్మను పంపించు."

అతని తల్లి పిచ్చమ్మ నెలన్నర తిప్పింది. కాలు దక్కింది కానీ కుంటితనం మిగిలింది.

టీకాలు వెయ్యడానికి హజరత్తయ్య వాళ్ళ రేవుకు వనజాక్షి వచ్చినరోజు కర్రోడు కుంటుకుంటూ ఆమె దగ్గరికి పరిగెత్తాడు. ఆమె కింద కూర్చుని, బొచ్చు పక్కకు తీసి మచ్చ తడిమింది. ముఖమంతా నవ్వే. హజరత్తయ్య ఆశపడి ముందుకొచ్చాడు.

ఆమె లేచి చేతులు తుడుచుకుంది. నవ్వు పోయింది.

"పూర్తిగా మానింది," అంది. "ఇంక రానక్కర్లేదు."