నాలుగో మలుపు తారాజువ్వ

ఆ హైస్కూలు మైదానంలో నాలుగో మలుపంటే ఊళ్లో అందరికీ హడలే. పగలు చూస్తే అక్కడేముంది — తుప్పు పట్టిన గోల్ స్తంభం, విరిగిన హర్డిళ్లు పారేసిన రేకుల షెడ్డు, పరుగుబాట మీద వెలిసిపోయిన సున్నపు గీతలు. కానీ పొద్దుగూకిందా... ఊరంతా చుట్టి ఇల్లు చేరతారు గానీ, ఆ గోడ పక్కనుంచి మాత్రం ఒక్కరూ నడవరు.

దానికో కథ చెబుతారు. ఒకప్పుడు ఈ బడి పేరు వింటే చాలు, పక్క ఊళ్ల బడులు ఆటల పోటీలకు పేర్లివ్వడానికే జంకేవట. హెడ్మిస్ట్రెస్‌గారి గదిలో అద్దాల బీరువా నిండా అప్పటి కప్పులే. ఆ రోజుల్లో రిలే జట్టులో ఒక పిల్ల ఉండేది. కాలు నేలకి ఆనేది కాదుట. అందరూ తారాజువ్వ అనేవారు.

సొంత మైదానంలో ఫైనల్. మూడో పరుగు తారాజువ్వది. అందరికంటే ముందు వస్తూ వస్తూ... నాలుగో మలుపులో బోర్లా పడింది. తర్వాతి పిల్లకి అందించాల్సిన కర్ర చేతిలోంచి ఎటో దొర్లిపోయింది. కప్పు పోయింది. ఆ మర్నాటినుంచి ఆ పిల్ల మళ్లీ బడి గడప తొక్కలేదు.

లోకుల నోళ్లు ఊరుకుంటాయా? అవమానంతో ప్రాణం తీసుకుందన్నారు కొందరు. కళ్లారా చూసినట్టే చెప్పారు మరికొందరు. ఆ తర్వాత బీరువాలోకి కొత్త కప్పు రాలేదు — ఆ పాపమూ తారాజువ్వ మీదే వేశారు.

ఇన్నేళ్లూ అది ఉత్త కథే. ఈ ఏడు బడి తెరిచిన కొన్నాళ్లకి మాత్రం... అడుగులు మొదలయ్యాయి.

చీకటి పడ్డాక దబ్ దబ్‌మని పరుగు. రొప్పు. మలుపు దగ్గరికి రాగానే ఠక్కున ఆగిపోవడం. తెల్లగా ఏదో కదలడం. వాచ్‌మన్ మంచం గేటు బయటికి చేరింది. సాయంత్రం గంట కొట్టాక మా పిల్లల్ని ఉంచొద్దని అమ్మలూ నాన్నలూ తెగేసి చెప్పారు.

మధ్యలో నలిగిపోయింది ఎవరంటే డ్రిల్లు టీచరు. మొగుడితో, అత్తగారితో కలిసి ఆ వేసవిలోనే ఊళ్లోకి దిగిందావిడ. నిప్పుల్లాంటి ఆడపిల్లల్ని నలుగుర్ని ఏరి రిలే జట్టు కట్టింది. పగలంతా పాఠాలు, ప్రాక్టీసుకి దొరికేది సాయంత్రమే. ఆ సాయంత్రాన్నే దెయ్యం ఎత్తుకుపోయింది. పోటీలేమో నెత్తిమీదికొచ్చాయి.

హెడ్మిస్ట్రెస్‌గారి దగ్గర మొరపెట్టుకుంటే ఆవిడ కిటికీలోంచి ఎటో చూస్తూ, ఆ మలుపు ఊసు నా దగ్గర ఎత్తకమ్మా అని ఊరుకున్నారు.

ఇక లాభం లేదనుకుంది. మీటింగుందని ఇంట్లో చెప్పి, టార్చి పట్టుకుని, మసక చీకటిలో రేకుల షెడ్డు నీడన కూర్చుంది. దెయ్యాల్లేవని ఆవిడకి గట్టి నమ్మకం. ఆ నమ్మకం దోమలు కుడుతున్నంతసేపూ గట్టిగానే ఉంది.

అప్పుడు వినిపించింది.

దూరంగా... దబ్... దబ్... దబ్...

అడుగులు దగ్గరవుతున్నాయి. రొప్పు కూడా. తెల్లటి ఆకారం మలుపు తిరిగింది... ఆగింది. నేలమీదికి వంగి, అరచేత్తో మట్టి తడిమింది.

“ఇక్కడే...” అంది గుసగుసగా. “ఇక్కడే జారింది.”

టీచరు చేతిలోంచి టార్చి జారి రేకు మీద ఠంగుమంది. ఆకారం గిరుక్కున తిరిగింది. ఒక్కొక్క అడుగే వేస్తూ వచ్చింది... వంగి చూసింది.

“అమ్మాయ్... మీటింగన్నావు?”

అత్తగారు.

కొడుకు పాత ట్రాక్ ప్యాంటు, కాలం చేసిన మామగారి తెల్ల చొక్కా, కాళ్లకి బూట్లు. రోజూ లైబ్రరీకని ఆవిడ సంచిలో పెట్టుకెళ్లేవి ఆ బూట్లేనని కోడలికి అప్పుడర్థమైంది.

“మీకు మోకాళ్ల నొప్పులు కదత్తయ్యా?”

“మెట్లెక్కితేనే. పరిగెడితే రావు.”

ఇద్దరూ షెడ్డు గట్టుమీద కూలబడ్డారు. అత్తగారు మెల్లగా విప్పింది. ఆవిడ నాన్నగారిది బదిలీల ఉద్యోగం. ఫైనల్లో పడిపోయిన మర్నాడే సామాను లారీ ఎక్కింది. ఎవరికీ చెప్పి వెళ్లలేదు, చెప్పే మొహమూ లేకపోయింది. ఇన్నేళ్లకి కోడలి ఉద్యోగం పుణ్యమా అని మళ్లీ ఇదే ఊరొచ్చింది. ఆ మలుపు ఒక్కసారి నిలబడి దాటాలని కోరిక. అక్కడికొచ్చేసరికి మాత్రం కాళ్లు వాటంతటవే ఆగిపోతున్నాయి. పగలు పరిగెడితే ఈ వయసులో ఇదేం పిచ్చని నవ్వరూ? అందుకే చీకటి పడ్డాక, గేటు వైపు రాకుండా వెనక గోడ సందులోంచి వస్తోంది.

“తారాజువ్వ దెయ్యమైందని ఊరంతా అంటోందత్తయ్యా.”

“వాచ్‌మన్ చెప్పాడు. విని నాకే భయమేసింది. నాలుగు రోజులు ఇటు రాలేదు.”

కోడలు నవ్వాపుకోలేకపోయింది. అత్తగారూ నవ్వింది. గేటు బయట వాచ్‌మన్ ఆ నవ్వులు విని, మంచం అక్కడే వదిలేసి పరుగందుకున్నాడట.

మర్నాడు కోడలు ఆవిణ్ని బతిమాలీ బామాలీ హెడ్మిస్ట్రెస్‌గారి గదికి లాక్కెళ్లింది. హెడ్మిస్ట్రెస్‌గారు తలెత్తారు. కళ్లజోడు తీశారు... మళ్లీ పెట్టుకున్నారు. చేతిలో పెన్ను కింద పడినా చూసుకోలేదు.

ఆ ఫైనల్లో ఆఖరి పరుగు హెడ్మిస్ట్రెస్‌గారిదే. మలుపు అవతల, కర్ర కోసం చెయ్యి వెనక్కి చాచి నిలబడ్డ పిల్ల ఈవిడే. కోడలికి ఆ సంగతి అప్పుడే తెలిసింది.

“ఎంతసేపే,” అన్నారు హెడ్మిస్ట్రెస్‌గారు, “చెయ్యి చాచి నిలబడేది?”

అత్తగారు నోరు తెరిచేలోగా ఆవిడ చెప్పులు బల్ల కిందే విడిచేసి, స్నేహితురాలి చెయ్యి పట్టుకుని మైదానంలోకి నడిచారు. బడి బడంతా కిటికీలకు అతుక్కుపోయింది. ఇద్దరూ చేతులు వదలకుండా నాలుగో మలుపు దాటారు. పరుగని అనలేం గానీ... నడక మాత్రం కాదు.

సాయంత్రానికి ఊరంతా పాకింది. మర్నాడు గంట కొట్టేసరికి రిలే పిల్లలు నలుగుర్నీ వాళ్ల అమ్మలే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ప్రాక్టీసుకి దింపారు — పనిలో పనిగా దెయ్యాన్ని కూడా చూసి పోవచ్చని.